చాట దగ్గర కూర్చుని చూస్తే

ఉద్యోగం మానేసి ఇంట్లో కూర్చున్నా టీవీలు నన్ను వదలలేదు. పెళ్లికి పోతే భోజనాల బంతిలో, చావుకు పోతే పాడె లేచేలోపు, ఎవరో ఒకరు పక్కకు చేరి అడుగుతారు, ఓఎల్ఈడీ కొనాలా, క్యూఎల్ఈడీ కొనాలా అని. నేను తిరిగి ఒకటే అడుగుతాను. మీ ఇంట్లో టీవీ ఎవరు చూస్తారు, ఎక్కడ కూర్చుని చూస్తారు? అంతే, మొహం ముడుచుకుంటారు. మాత్ర పేరు అడిగితే రోగం అడుగుతాడేమిటి ఈ ముసలాయన అన్నట్టు చూస్తారు. నాకు కోపం వస్తుంది. ఈ వయసులో కోపం మంచిది కాదని డాక్టరు చెప్పాడు గానీ ఆయన ఎప్పుడూ టీవీలు అమ్మలేదు.

ఇప్పుడు షోరూముల్లో మెడలో కార్డు వేసుకుని నిలబడే పిల్లలూ, ఇది మీ కోసం రాస్తున్నాను. డబ్బా మీద రాసి ఉన్నదంతా మీకు నోటికి వచ్చు. డబ్బా ఏ ఇంటికి పోతుందో మాత్రం మీకు ఎవరూ నేర్పలేదు. అది మీ తప్పు కాదు. నేర్పాల్సిన వాళ్లకే తెలియదు.

నా పని సిరిసిల్లలో రిపేరు బల్ల ముందు మొదలైంది. అప్పుడన్నీ వెనక గూని ఉన్న డబ్బా టీవీలే. బరువు ఎద్దుబరువు. కానీ ఒక్క మాట చెప్పాలి, గదిలో ఏ మూల కూర్చున్నా బొమ్మ ఒకేలా కనిపించేది. సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిచే ఇళ్లలో జనం నన్ను అడిగేది ఒక్కటే, సప్పుడు వినబడుతుందా అని. ఇంట్లో పొద్దంతా టకటకమంటుంటే రంగుల సంగతి ఎవరిక్కావాలి? తర్వాత అట్టముక్కలాంటి టీవీలు వచ్చాయి. స్పీకర్లకు చోటు లేక వాటిని వెనక్కి తిప్పి గోడకు వినిపించడం మొదలుపెట్టారు. టీవీ సన్నగా ఉండాలని ఎవరు అడిగారు? సాంచాల మధ్య బతికే మనిషి అడిగాడా? ఈ ప్రశ్న నేను కంపెనీ మీటింగులో లేచి అడిగాను. ముందు టీ తాగమన్నారు.

తర్వాత జగిత్యాలలో ఒక పెద్ద షోరూములో చేరాను. పెగడపల్లి వైపు నుంచి ఒకప్పటి దొరల కుటుంబం వచ్చి ఓఎల్ఈడీ పట్టుకెళ్లింది. వాళ్ల హాలుకు మందపాటి తెరలు, పగలు కూడా చీకటే. ఓఎల్ఈడీకి సరిగ్గా అలాంటి ఇల్లే కావాలి. అందులో వెనక దీపం ఉండదు, ప్రతి చుక్కా తనంతట తాను వెలుగుతుంది, నలుపు అంటే నిజంగా నలుపే. నేను సంతోషంగా అమ్మాను. ఒక్క జాగ్రత్త చెప్పాను, ఒకే బొమ్మను పొద్దంతా కదలకుండా ఉంచొద్దని. పెద్దాయన పొద్దున లేచి వార్తల చానల్ పెడితే పడుకునేదాకా తీసేవాడు కాదు. కొన్నాళ్లకు చానల్ మార్చినా అడుగున వార్తల పట్టీ నీడ అలాగే మిగిలిపోయింది. సినిమాలో హీరోయిన్ మెడ కింద కూడా బ్రేకింగ్ న్యూసే. నాసిరకం సరుకు అంటగట్టానని నా మీదికి వచ్చారు. నేను చెప్పింది ఎవరూ విననే లేదు.

ఇక కోరుట్ల. నా చివరి ఏళ్లు అక్కడే గడిచాయి, నేను చెప్పదలుచుకున్నదీ అక్కడి సంగతే.

షాపు యజమాని నాకంటే చిన్నవాడు. అన్నా అని పిలిచేవాడు, పండగకు బట్టలు పెట్టేవాడు. మనిషి చెడ్డవాడు కాదు. కానీ సరుకు దించాక అది కదలకపోతే నిద్ర పట్టేది కాదు. ఆ ఏడాది అద్దంలా తళతళలాడే పెద్ద టీవీలు బోలెడు దించాడు. పేరుకు ముందు క్యూ ఉంది కాబట్టి అదేదో ఓఎల్ఈడీకి అన్న అనుకుని జనం వస్తారని ఆశ. నిజానికి క్యూ ఉన్నా లేకున్నా అవన్నీ వెనక దీపం పెట్టి వెలిగించే తెరలే. వాటిలో రెండు జాతులున్నాయి. ఒకదాంట్లో నలుపు చిక్కగా ఉంటుంది, కానీ ఎదురుగా కూర్చున్నవాడికే. పక్కకు జరిగితే మనుషుల మొహాలు బూడిద పూసినట్టు పాలిపోతాయి. రెండోదాంట్లో నలుపు కొంచెం వెలిసినట్టు ఉంటుంది గానీ పక్క నుంచి చూసినా బొమ్మ బొమ్మలాగే ఉంటుంది. యజమాని దించింది మొదటి జాతి. దాని మీద షాపు లైట్లు తీసేయించాడు. రెండో జాతి టీవీ నెత్తిన మాత్రం ట్యూబులైటు వెలుగుతూనే ఉండేది. అన్నింట్లోనూ కంపెనీ ఇచ్చిన వీడియోనే, రంగుచేపలు, కోసిన పుచ్చకాయ, రాత్రిపూట ఏదో విదేశీ పట్నం. కోరుట్లలో రోజూ సాయంత్రం చేపలు చూసే ఇల్లు ఒక్కటి చూపించండి, నేను అక్కడికే వచ్చి దండం పెడతాను.

మా షాపుకు సంత శుక్రవారం. కువైట్‌లో ఆ రోజు సెలవు. అక్కడ పనిచేసే మగవాళ్లు ఆ రోజే ఫోన్లో టీవీలు కొంటారు. ఇంటి నుంచి ఎవరో ఒక మగమనిషి వచ్చి వీడియో కాల్ పెట్టి, ఫోన్ ఎత్తి గోడ పొడవునా తిప్పుతాడు. అవతలివాడు ఎడారి ఎండలో నుంచి ఇది బాగుంది, అది బాగాలేదు అని తీర్పు చెబుతాడు. మొత్తం గోడ అరచేతిలో ఇమిడి కనిపిస్తే ఏది బాగుందని తెలుస్తుంది? అతను చూస్తున్నది తన ఫోన్ తెరను, మా టీవీని కాదు. కొన్నిసార్లు ఫోన్లో టీవీ మీద నల్లటి గీతలు పాకుతాయి. అది కెమెరా గుణం. గీతలున్న టీవీలు అమ్ముతున్నారని ఒకాయన అంత దూరం నుంచి మమ్మల్ని తిట్టాడు. నేను తిరిగి తిట్టలేదు, జీతం తీసుకునేవాణ్ని.

నా ఒళ్లు మండేది దానికి కూడా కాదు. రెండేళ్లకోసారి వచ్చి నెలన్నర ఉండి వెళ్లిపోయే మనిషి టీవీ ఎంచుతాడు. దాన్ని రోజూ చూసే మనిషి సంచి పట్టుకుని పక్కన నిలబడి ఉంటుంది. ఆమెను అడగాలని ఎవరికీ తట్టదు.

అలాంటి ఒక శుక్రవారం మధ్యాహ్నం మేడిపల్లి దగ్గరి ఊరి నుంచి ఒకామె వచ్చింది. తోడు ఆమె బావ, అంటే భర్తకు అన్న. వ్యవసాయదారుల కుటుంబం, భర్త కువైట్‌లో ఉంటాడు. ఆమె బజారులో కొత్త చాట కొనుక్కుని చంకలో పెట్టుకుని ఉంది. చాటను చూడగానే తెలిసింది, బీడీలు చేస్తుందని. మా వైపు బీడీలు చేసే ఆడవాళ్లు చాట ఒళ్లో పెట్టుకుంటే పొద్దుగూకేదాకా దించరు.

మా దిక్కు కొన్ని ఇళ్లలో ఇప్పటికీ తమ్ముడి భార్య బావ ముందు కుర్చీలో కూర్చోదు, ఆయనతో నేరుగా మాట్లాడదు. చెప్పాల్సింది ఉంటే మధ్యలో ఎవరినో పెట్టుకుని చెబుతుంది. నేను కుర్చీ వేస్తే ఆమె అందుకే స్తంభానికి ఆనుకుని నిలబడింది. బావ ఫోన్ ఎత్తి గోడ మీదికి తిప్పడం మొదలుపెట్టాడు. లోపల నుంచి భర్త గొంతు, పెద్దదాని దగ్గరికి పో, ఇంకా దగ్గరికి పో అంటోంది. మా యజమాని నవ్వుతూ వాళ్ల వెంటే నడిచాడు.

నేను ఆమె దగ్గరికి పోయి, మీ ఇంట్లో టీవీ ఎవరు చూస్తారు బిడ్డా అని అడిగాను. అందరం చూస్తాం కాకా అంది. అందరంటే ఎవరు అన్నాను. అప్పుడు చెప్పింది, గొంతు పైకి రానివ్వకుండా.

వాళ్ల ముందటి అర్రలో, అంటే ముందు గదిలో, వాకిలి తలుపు పొద్దంతా తెరిచే ఉంటుంది, వెలుతురు లేకపోతే ఆకు కత్తిరించలేరు. చుట్టుపక్కల ఆడవాళ్లు తమ చాటలు తెచ్చుకుని అక్కడే కూర్చుని బీడీలు చేసేవాళ్లు. తలుపుకు ఎదురు గోడకు టీవీ. డబ్బా టీవీ ఉన్నప్పుడు ఎవరు ఏ గోడకు ఆనుకున్నా ఇబ్బంది లేదు. కిందటిసారి వచ్చినప్పుడు భర్త కువైట్ నుంచి పలక టీవీ తెచ్చాడు, చద్దర్లలో చుట్టి, విమానంలో. అది ఎదురుగా కూర్చున్న ఒక్కరికే సరిగా కనబడుతుంది. గోడల వారగా కూర్చున్న వాళ్లకు మొహాలు తెల్లగా, తలుపు ఎండపడితే అదీ లేదు. కొన్నాళ్లు సర్దుకున్నారు. తర్వాత గల్లీకి అవతల ఒకామె ఇంట్లో ఇంకా పాత డబ్బా టీవీ ఉందని ఒక్కొక్కరే చాట ఎత్తుకుని అక్కడికి పోయారు. వాళ్లు రావడం లేదని తెలిసి, టీవీ చిన్నదయిందేమో అనుకుని భర్త ఇప్పుడు పెద్దది కొనిస్తున్నాడు.

"నువ్వు గూడ ఆడికే పోరాదు?" అన్నాను.

"మా ఇంట్ల గొడ్డు ఉన్నది, తలుపేసి పోరాదు కాకా. ఒక్కదాన్నే కూసుంటే చెయ్యి సాగుతలేదు. మాట లేకపోతే బీడీ అయితదా?"

ఇదీ సంగతి. ఆమెకు కావాల్సింది టీవీ కాదు, ఆ అర్రలో మళ్లీ నలుగురు. ఇది ఏ డబ్బా మీద రాస్తారు? ఇప్పుడు అదే జాతి టీవీని ఇంకాస్త పెద్దది, ఇంకాస్త తళతళలాడేది ఆమె ఇంటికి పంపబోతున్నాం. పదేళ్లు ఆ గోడ మీదే ఉంటుంది. ఆమె ఒక్కతే దాని ముందు ఉంటుంది.

నేను వాళ్ల దగ్గరికి పోయాను. తలుపు తెరిచి ఉండే ఇంటికి ఆ టీవీ పనికిరాదు, పక్కన ట్యూబులైటు కింద ఉన్నది కొంచెం చిన్నదైనా పదిమంది కూర్చుని చూడొచ్చు అని చెప్పాను. యజమాని నా వైపు ఒక చూపు చూశాడు. బావ ఫోన్‌ను నా మొహం ముందు పెట్టాడు. అందులో నుంచి భర్త మర్యాదగానే అడిగాడు.

"కాకా, దాన్ల నీకు కమీషన్ ఎక్కువస్తదా ఏంది?"

కమీషన్ ఉన్నదే వాళ్లు చూస్తున్న పెద్దదాని మీద. ఆ మాట పైకి అనలేను, యజమాని పక్కనే ఉన్నాడు. ముప్ఫై ఏళ్లకు పైగా టీవీలు విప్పి, బిగించి, మోసి, ఇంటింటికీ తిరిగి ఏరియల్ కట్టిన చేతులివి. అంత కోపం నా సర్వీసులో ఎప్పుడూ రాలేదు. వెనక్కి తిరిగి, ఏమన్నా చేసుకోండి అని పోబోయాను.

స్తంభం దగ్గర నుంచి ఆమె పిలిచింది. "కాకా, గా ఫోన్ జర ఇటియ్యమను."

బావ పక్కనే, చేయి చాపితే అందేంత దూరంలో ఉన్నాడు. అయినా నాతోనే చెప్పింది. ఫోన్ ఇవ్వమంటోంది అని నేను చెప్పాను. ఆయన కాస్త తటపటాయించి నా చేతిలో పెట్టాడు, నేను ఆమెకిచ్చాను. ఆమె ఎదురు గోడ మీది పెద్ద టీవీని ఒకసారి చూసి, వెనకనున్న షాపు అద్దం తలుపును చూసి, ఆ తలుపుకున్న తెర తీయమంది. తీశాను. మధ్యాహ్నపు ఎండంతా లోపలికి వచ్చింది. చేపలు తీసి ఏదన్నా సీరియల్ పెట్టమంది. పెట్టాను. యజమాని ఏసీ, ఏసీ అంటూ ఏదో గొణిగాడు.

అప్పుడు ఆమె చీర సర్దుకుని, షోరూము నడుమ, పాలరాతి నేల మీద బాసిపట్టు వేసుకుని కూర్చుంది. కుర్చీలో కాదు కదా, బావ ఏమంటాడు? కొత్త చాట ఒళ్లో పెట్టుకుంది. ఫోన్‌ను ఆ చాట అంచుకు ఆనించి నిలబెట్టింది, కెమెరా టీవీ వైపు ఉండేలా.

"ఇది నేను కూసునే జాగ. ఈడ కూసొని సూడు."

ఫోన్లో నుంచి భర్త అన్నాడు, టీవీల రోడ్డు కనవడ్తుంది, ఆటో పోతుంది అని. నిజమే. ఆ తళతళలాడే తెరలో మా షాపు ముందటి రోడ్డంతా ఉంది. సీరియల్లో అత్తాకోడళ్లు ఆ ఆటో వెనక ఎక్కడో మాట్లాడుకుంటున్నారు.

ఆమె కూర్చున్నదే కూర్చుని పక్కకు జరిగింది, గోడ వారకు. అది గల్లీ అవతలింటామె, డబ్బా టీవీ ఉన్నామె, ఇదివరకు కూర్చునే చోటని చెప్పింది. ఇంకొంచెం జరిగి, ఇది ఆమె చెల్లెలి చోటంది. అక్కణ్నుంచి చూస్తే మొహాలు సున్నం కొట్టినట్టు ఉన్నాయి. తర్వాత చాట పట్టుకుని నేల మీదే జరుగుతూ ట్యూబులైటు కింది టీవీ ముందుకు వచ్చింది. అన్ని చోట్లా మళ్లీ కూర్చుంది, ఈసారి బొమ్మ ఎక్కడా పాలిపోలేదు. షాపులో ఉన్న తక్కిన గిరాకీ అంతా తమ టీవీలు వదిలేసి ఈమెనే చూస్తోంది. ఎవరూ నవ్వలేదు.

"నేను తెచ్చింది గూడ గిట్లనే ఉంటదా?" అన్నాడు భర్త.

"గిట్లనే ఉంటది."

"మరి గిన్నొద్దులు చెప్పకపోతివి?"

ఆమె చాట అంచును బొటనవేలితో రుద్దుతూ కూర్చుంది.

"గంత దూరంకెల్లి చద్దర్ల సుట్టుకొని, పిలగాన్ని మోసినట్టు మోసుకొస్తివి. మంచిగలేదని ఎట్ల చెప్పాలె?"

పిల్లలూ, అప్పటిదాకా ఆ మనిషి మీద ఉన్న కోపం నాకు అక్కడ ఆగిపోయింది. అతను ఆమెను అడగలేదన్నది నిజమే. కానీ అడగడం అతని బతుకు కాదు, అతను వారమంతా పనిచేసి అలసిపోయి ఫోన్ పట్టుకున్నవాడు. అడగడం మన ఉద్యోగం. లైట్లు తీసి, చేపలు పెట్టి, తెర దించి అతనికి అబద్ధం చూపింది మనం. నా కోపం ఇప్పటికీ చల్లారనిది మన మీదే.

భర్త కాసేపటికి, ఆమె చెప్పిందే తీసుకొమ్మని అన్నకు చెప్పాడు. బావ ఆమె వైపు చూడకుండానే తలూపాడు. వాళ్లు వెళ్లాక యజమాని నన్ను లోపలికి పిలిచాడు. "అన్నా, మనం టీవీ అమ్ముతున్నం, ఇండ్లు కట్టిస్తలేం" అన్నాడు. ఇల్లు చూడకుండా టీవీ అమ్మితే దాన్ని అమ్మడం అనరు, బరువు దించుకోవడం అంటారు అని చెప్పాను. ఆ ఏడాది పండగకు బట్టలు రాలేదు. మరుసటి రోజు అద్దం తలుపుకు తెర మళ్లీ పడింది. ఇంకా మందపాటిది.

టీవీ బిగించడానికి మెకానిక్‌తో పాటు నేనే వాళ్ల ఊరికి పోయాను. షాపులో పనిలేక కాదు, ఆ తలుపు తెర చూడలేక. అక్కడ బావ అప్పటికే దేవుడి పటాల వరుసలో, దూలానికి దగ్గరగా పెన్సిల్‌తో గీత గీసి పెట్టాడు. గల్లీలో పోయేవాళ్లకు కూడా కనబడాలట. ఆమె వంటింటి గడప దగ్గర నిలబడి, నేల మీద కూర్చునేవాళ్లకు మెడలు గుంజుతాయని బావకు చెప్పమని నాతో అంది. నేను నోరు తెరిచేలోపే బావ గోడ వైపు తిరిగి, "కిందికే కొట్టుమను" అన్నాడు, నాతోనే. ఇద్దరి మధ్యా నాలుగడుగులు ఉండవు. నేను మాత్రం ఎంతో దూరం ప్రయాణం చేసి మాట చేరవేసినంత అలసిపోయాను.

భర్త తెచ్చిన పాత టీవీని ఆమె షాపుకు పట్టుకుపొమ్మంటుందేమో అనుకున్నాను. ఇయ్యను అంది. దాన్ని పడకటింట్లో, మంచానికి సరిగ్గా ఎదురుగా పెట్టించింది. ఆ అర్రకు కిటికీ చిన్నది, చీకటిగా ఉంటుంది. ఆన్ చేసి చూస్తే నేనే ఆశ్చర్యపోయాను, అంత చక్కటి బొమ్మ. ఆయన వచ్చినప్పుడు పండుకొని చూస్తాడు, ఒక్క మనిషికైతే అది మంచి టీవీనే అని చెప్పింది. నేను ఇన్నేళ్లుగా జనానికి చెప్పాలని గొంతు చించుకున్నది అదే. చెడ్డ టీవీలు తక్కువ. తప్పు గోడకు ఎక్కినవే ఎక్కువ.

ముందటి అర్రలో టీవీ ఆన్ చేయగానే అలవాటు కొద్దీ కంపెనీ చేపలే వచ్చాయి. తిట్టుకుంటూ మామూలు బొమ్మకు మార్చి చానల్ పెట్టాను. ఆమె పోయి గల్లీ అవతలి వాళ్లను పిలవలేదు. తలుపు రెండు రెక్కలూ పూర్తిగా తెరిచి, చాప పరిచి, చాట ఒళ్లో పెట్టుకుని తన చోట కూర్చుంది. నేను పనిముట్లు సర్దుతున్నట్టు నటిస్తూ ఆలస్యం చేశాను.

కొంతసేపటికి అవతలింటామె గడపలోకి వచ్చింది. చెల్లెలు వెనకాలే ఉంది. కొత్త టీవీ అంటే చూసిపోదామని వచ్చామంది. అయినా ఇద్దరి చంకల్లోనూ చాటలున్నాయి. టీవీ ఎంతైందని అడగలేదు, బాగుందనీ అనలేదు. నేరుగా పోయి గోడ వారన, అందరికంటే పక్కగా ఉన్న మూలలో కూర్చుని, ఒక సీన్ అయ్యేదాకా తల తిప్పకుండా చూసింది. చెల్లెలు ఆమె మొహాన్నే చూస్తోంది. ఇంటామె టీవీని కూడా చూడటం లేదు, ఒళ్లోని చాటను చూస్తోంది.

తర్వాత అవతలింటామె కొంగులో నుంచి కత్తెర తీసి, ఆకు కత్తిరించడం మొదలుపెట్టింది.